నిర్దిష్టమైన ఫిర్యాదు ఏదీ అందలేదు

హరినాథ్‌ది సదాశివపేటలో పప్పుల దుకాణం నడిపే కుటుంబం. మిగతా అన్నదమ్ములు ముగ్గురూ దుకాణంలోనే కూర్చున్నారు. ఆయన ఒక్కడే డిగ్రీ చదివి, పరీక్ష రాసి, సంగారెడ్డిలో సర్కారు కొలువులో చేరాడు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ కార్యాలయానికి ఎందరో అధికారులు వచ్చి పోయారు. ఎవరు వచ్చినా నెల తిరక్కముందే, "ఈ జవాబు హరినాథ్‌తో రాయించండి" అనేవాళ్ళు. ఇంగ్లీషులో తప్పులేకుండా, ఎవరూ వేలు పెట్టి చూపలేనట్టు కాగితం రాయడంలో ఆయన దిట్ట. అది ఆయనకు ఉన్న ఒకే ఒక గర్వం.

ఫ్యాక్టరీల పొగ మీద, నీళ్ళ మీద జనం ఇచ్చే దరఖాస్తులు ఆయన బల్ల మీదికే వచ్చేవి. తీసుకుని, ముద్ర కొట్టి రసీదు ఇచ్చి, పై అధికారికి చూపించి, ఒక ప్రతిని వెనకున్న ఇనుప బీరువాలో పెట్టాలి. అదీ పని.

హత్నూర వైపున్న కొత్తకుంట అనే ఊరి నుంచి గౌసియా బేగం మొదటిసారి వచ్చినప్పుడు ఎండాకాలం. నలభై అయిదేళ్ళుంటాయి. రెండు బస్సులు మారి వచ్చింది. హరినాథ్ కుర్చీ చూపించి, కూజాలోంచి నీళ్ళు ఇప్పించాడు.

"సార్, నేను దర్జీ పని జేస్త," అందామె. "లైనింగు బట్టను కుట్టక ముందే నీళ్ళల్ల నానబెట్టాలె, లేకుంటే తర్వాత గుంజుకపోతది. మా బోరు నీళ్ళల్ల నానబెడితే తెల్లబట్ట పచ్చగైతున్నది. మందు వాసనొస్తున్నది. గిరాకీలు నాతోని లడాయి పెట్టుకుంటున్నరు. బట్టకే గిట్లయితే, తాగెటోళ్ళ కడుపుల ఏమైతదో జెర సూడుండ్రి."

దరఖాస్తుకు ఒక మూల గుడ్డముక్క గుండుసూదితో గుచ్చి ఉంది. సగం తెలుపు, సగం పసుపు. హరినాథ్ దాన్ని వేలితో తాకి చూశాడు. ముద్ర కొట్టి రసీదు ఇచ్చాడు. "పై అధికారికి పెడ్తనమ్మా," అన్నాడు. పెట్టాడు కూడా. 'పరిశీలించవలెను' అనే మాటతో, పొట్టి సంతకంతో అది తిరిగి వచ్చింది. పరిశీలించడానికి ఎవరూ వెళ్ళలేదు. దరఖాస్తు బీరువాలోకి పోయింది.

ఏడాదిన్నరలో ఆమె నాలుగుసార్లు వచ్చింది. నాలుగు దరఖాస్తులు, నాలుగు ముద్రలు, నాలుగు రసీదులు. ప్రతిసారీ హరినాథ్ కుర్చీ ఇచ్చాడు. ఆఫీసులో మిగతావాళ్ళెవరూ అంత మర్యాద చేసేవాళ్ళు కాదు. అందుకే కొత్తకుంటలో ఆమె ఆయన్ని 'ముద్ర సారు' అని చెప్పుకునేది. మంచి మనిషి అనేది.

నాలుగో రసీదు వచ్చాక ఆ ఊరి బడిలో పనిచేసే సుమిత్ర టీచర్ ఆమెకు ఒక దారి చెప్పింది. పార్లమెంటులో సభ్యులు మంత్రులను ప్రశ్నలు అడగవచ్చు. మంత్రి సభలో జవాబు చెప్పి తీరాలి, సభలో అబద్ధం చెప్పకూడదు. టీచరే ఇంగ్లీషులో ఉత్తరం రాసింది. రసీదుల నకళ్ళు జతచేసి ఇద్దరూ కలిసి ఆరుగురు సభ్యులకు పోస్టు చేశారు. అయిదుగురి నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఆరో ఆవిడ ఎక్కడో సముద్రపు ఒడ్డు రాష్ట్రం నుంచి గెలిచిన సభ్యురాలు. ఆవిడ నియోజకవర్గంలోనూ ఫ్యాక్టరీలున్నాయట. ఆవిడ ప్రశ్న ఇచ్చింది. అలా సభ్యులిచ్చిన వందల ప్రశ్నల్లో లాటరీ తీసి, రోజుకు ఇరవైని మాత్రం మంత్రి నోటితో జవాబు చెప్పేందుకు ఎంచుతారు. కొత్తకుంట అదృష్టం, ఈ ప్రశ్న ఆ ఇరవైలో మూడోదిగా వచ్చింది.

ప్రశ్నకు మూడు భాగాలు. పటాన్‌చెరు, సంగారెడ్డి పారిశ్రామిక ప్రాంతంలోని గ్రామాల్లో భూగర్భజలం చెడిపోయిందని ఫిర్యాదులు అందిన మాట నిజమా? నిజమైతే వాటి వివరాలేమిటి? వాటి మీద ప్రభుత్వం తీసుకున్న చర్యలేమిటి?

మంత్రికి ఈ సంగతి సొంతంగా ఎలా తెలుస్తుంది? మంత్రిత్వ శాఖ రాష్ట్రాన్ని అడిగింది, రాష్ట్రం జిల్లాను అడిగింది. ఒక శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలకు, 'పార్లమెంటు ప్రశ్న, అతి జరూరు' అనే తలకట్టుతో అది హరినాథ్ కంప్యూటర్‌లో ప్రత్యక్షమైంది. నాలుగు గంటల్లోపు జవాబు పంపాలి.

సూపరింటెండెంట్ శివకుమార్ కలెక్టరేట్‌లో మీటింగులో ఉన్నాడు. హరినాథ్ ఫోన్ చేశాడు.

"అన్ని జిల్లాలయి వచ్చినయంట, మనదే పెండింగున్నది," అన్నాడు శివకుమార్. "ఫైల్ సూసి పంపియ్యి హరినాథ్. పోయినసారి గిట్లాంటిదే ఒకటొచ్చింది గద."

ఫైల్ చూసి పంపమన్నాడు ఆయన. ఆ మాట హరినాథ్‌కు తర్వాత వందసార్లు గుర్తుకొచ్చింది. ఎవరూ బెదిరించలేదు. ఏ ఫ్యాక్టరీవాడూ ఫోన్ చేయలేదు. పైనుంచి ఒత్తిడి లేదు. ఉన్నదల్లా, ఆ రోజు కొండాపూర్‌లో ఒక సహోద్యోగి పదవీ విరమణ విందు. అందరూ కలిసి మూడున్నరకు వ్యాన్‌లో బయలుదేరాలనుకున్నారు. బీరువా తలుపు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. తీయాలంటే మోకాలితో తన్ని పట్టి గుంజాలి. ఆ పైన రెండేళ్ళ కాగితాలు దుమ్ములోంచి దించాలి.

ఆయన బీరువా వైపు ఒకసారి చూశాడు. కంప్యూటర్‌లో రెండేళ్ళ కిందటి జవాబు తెరిచాడు. తేదీ మార్చాడు. ఇంగ్లీషులో ఒక వాక్యం అప్పుడే సొంతంగా చెక్కాడు: ఈ విషయమై నిర్దిష్టమైన ఫిర్యాదు ఏదీ ఈ కార్యాలయానికి అందలేదు. 'నిర్దిష్టమైన' అన్న మాట పెట్టినందుకు తనలో తానే మెచ్చుకున్నాడు. రేపు ఎవరైనా అడిగితే, ఫిర్యాదు వచ్చింది గానీ అందులో ఫ్యాక్టరీ పేరు లేదు, అని తప్పించుకోవచ్చు. మూడుంబావుకు పంపేశాడు. విందులో మటన్ బిర్యానీ బాగుంది. ఖుబానీ మీఠా రెండోసారి వేయించుకున్నాడు.

ఆయన కూతురు యామిని గ్రూప్స్ పరీక్షలకు చదువుతోంది. పార్లమెంటులో ప్రశ్నోత్తరాల సమయం చూసి నోట్సు రాసుకోవడం ఆ పిల్లకు అలవాటు. రెండు వారాల తర్వాత ఒక ఉదయం, హరినాథ్ టిఫిన్ తింటుంటే ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"నాన్నా, మన జిల్లా గురించి పార్లమెంటుల అడిగిన్రు! ఇటు సూడు. ఇది మీ డిపార్ట్‌మెంట్ పనేగద?"

ఆయన చూశాడు. మంత్రి లేచి నిలబడి కాగితం చదివాడు. మొదటి భాగానికి జవాబు: లేదు. సంబంధిత జిల్లా నుంచి అందిన సమాచారం ప్రకారం నిర్దిష్టమైన ఫిర్యాదు ఏదీ అందలేదు. రెండు, మూడు భాగాలకు: ప్రశ్న ఉత్పన్నం కాదు.

హరినాథ్ నోట్లో ఇడ్లీ అలాగే ఉండిపోయింది. మాట మాటా తనదే. తను రెండు కామాలు పెట్టిన చోటనే మంత్రి ఊపిరి కూడా తీసుకున్నాడు.

సభ్యురాలు అనుబంధ ప్రశ్న అడగడానికి లేచింది. "అధ్యక్షా, నా దగ్గర ఒక దర్జీ మహిళ పంపిన రసీదులున్నాయి. నాలుగు. ప్రభుత్వ ముద్ర ఉంది. మంత్రిగారు ఏది నిజమంటారు?" మంత్రి, తన దగ్గరున్న సమాచారం ఇదేనని, సభ్యురాలు ఆ కాగితాలు ఇస్తే చూస్తామని అన్నాడు. వెనక బల్లల నుంచి ఎవరో, "రసీదులు బజార్లో కూడా దొరుకుతాయి," అన్నారు. కొందరు నవ్వారు. అధ్యక్షుడు తర్వాతి ప్రశ్నకు వెళ్ళాడు.

"ఎవరు నాన్నా గిట్ల రాసి పంపింది? నకళ్ళు జేతుల పట్టుకొని అడుగుతుంటే లేవంటరా?" అంది యామిని.

"పైవాళ్ళు ఏమేం మారుస్తరో ఎవరికెరుక," అన్నాడు హరినాథ్. చెయ్యి కడుక్కున్నాడు. అది ఆయన చెప్పిన రెండో అబద్ధం.

మూడోది సుమిత్ర టీచర్‌తో చెప్పాడు. ఆమె వారం తర్వాత ఆఫీసుకు వచ్చి, నాలుగు రసీదులు ఆయన బల్ల మీద పరిచింది. మనిషి మంచి కోపం మీదుంది.

"ఈ ముద్ర మీదేనా సార్?"

"నాదేనమ్మా."

"మరి అందలేదని ఎవరు రాసిన్రు? ఆ జవాబును ఫ్యాక్టరోళ్ళు జిరాక్సులు తీసి ఊరంతా అంటించిన్రు. పంచాయతీ గోడకు, చాయ్ దుకాణానికి, మా బడి గేటుకు గూడ. నీళ్ళ ట్యాంకర్ అడుగుతె, పార్లమెంటే ఏం లేదన్నది, ట్యాంకరెందుకు అంటున్నడు సర్పంచ్. గౌసియక్కను ఝూటా దర్జీ అంటున్నరు. ఫ్యాక్టరీ మీద పైసల కోసం దొంగ రసీదులు పుట్టిచ్చిందని అంటున్నరు. ఆమె దగ్గర బట్టలిచ్చుడు బంద్ జేసిన్రు."

హరినాథ్ రసీదుల మీది తన సంతకం చూస్తూ, "నేను ఉన్నదున్నట్టే పంపినమ్మా. పై ఆఫీసుల మార్చినట్టున్నరు," అన్నాడు.

టీచర్ కోపం చప్పున చల్లారింది. "గౌసియక్క గూడ గదే అన్నది సార్. మా ముద్ర సారు గట్ల రాయడు, ఆయన మంచోడు, పైవాళ్ళే ఏదో జేసిన్రు అన్నది. మిమ్మల్ని ఏమనకు అని నాతోని ఒట్టు గూడ ఏయించుకున్నది."

ఆమె వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే హరినాథ్ తట్టుకునేవాడు. పక్క బల్ల మీది షంషేర్ చాయ్ తాగుదాం రమ్మంటే రానన్నాడు. చివరికి లేచి, సొరుగులోంచి తాళంచెవి తీసి, బీరువా తలుపును మోకాలితో తన్ని గుంజాడు. ఊడొచ్చింది. నాలుగు దరఖాస్తులూ పై అరలో, ఎడమవైపు మూడో ఫైల్‌లో ఉన్నాయి. వెతకనక్కర్లేకుండానే దొరికాయి. మొదటిదానికి గుడ్డముక్క ఇంకా గుచ్చి ఉంది. పసుపు భాగం ఇప్పుడు గోధుమరంగుకు తిరిగింది, చేత్తో తాకితే పొడిలా రాలింది. మూడో దరఖాస్తులో ఆమె ఫ్యాక్టరీ పేరు, గేటు నంబరు, రాత్రిపూట ఏ కాలువలోకి నీళ్ళు వదులుతున్నారో కూడా రాసింది. అంతకంటే నిర్దిష్టంగా రాయడం ఎవరి తరమూ కాదు. ముద్ర కొట్టిన రోజు ఆయన దాన్ని చదవనే లేదు.

సాయంత్రం ఇంటికెళ్ళి యామినికి చెప్పాడు. భార్య అరుణాదేవి వంటింట్లోంచి వింటూనే ఉంది. కూతురు ఏడ్చి గోల చేస్తుందనుకున్నాడు. ఆ పిల్ల నోట్సు పుస్తకం మూసి పక్కన పెట్టి, "ఇప్పుడేం జేస్తవ్?" అని మాత్రం అడిగింది.

"ఏం జేయమంటవ్?"

"తప్పు జవాబిచ్చినట్టు తెలిస్తే మంత్రి మళ్ళ సభల ప్రకటన పెట్టి దిద్దుకోవాలె నాన్నా. గా పద్ధతున్నది. కాని తప్పయిందని కింది నుంచి ఎవరో ఒకరు రాసియ్యాలె గద."

అరుణాదేవి బయటికి వచ్చింది. "కొలువు పోతే?"

ఆ రోజు ఇంట్లో ముగ్గురూ వేరువేరుగా తిన్నారు.

మర్నాడు హరినాథ్ శివకుమార్ గదిలోకి వెళ్ళి కాగితం పెట్టాడు. నాలుగు ఫిర్యాదుల తేదీలు, నంబర్లు, నకళ్ళు. కింద: జవాబు తయారుచేసింది నేనే, రికార్డు చూడకుండా తయారుచేశాను, అని ఉంది. ఇన్నేళ్ళలో ఆయన అంత వికారమైన ఇంగ్లీషు రాయలేదు. తప్పించుకోవడానికి ఒక్క మాట కూడా లేదు.

శివకుమార్ చదివి ముఖం తుడుచుకున్నాడు. "ఏంది హరినాథ్ ఇది? అయిపోయిన ముచ్చట. ఎవరు అడిగిన్రు నిన్ను?"

"ఎవ్వరడగలే సార్."

"నా పేరు మీదనే గద పోయింది ఆ జవాబు. నేను గూడ ఇరుక్కుంట."

"మీరు ఫైల్ సూసి పంపమన్నరు సార్. నేను సూడలే. గది గూడ రాసిన, రెండో పేజీల."

శివకుమార్ రెండో పేజీ తిప్పాడు. "నీ మెడకే సుట్టుకుంటది," అన్నాడు. కాగితం వెనక్కి ఇవ్వలేదు. మూడు రోజులు తన దగ్గరే ఉంచుకుని నాలుగో రోజు పైకి పంపాడు.

ఆ ఆదివారం హరినాథ్ స్కూటర్ మీద కొత్తకుంట వెళ్ళాడు. చాయ్ దుకాణం గోడ మీద తన వాక్యం ఇంకా అంటించి ఉంది. వాన తగిలి అక్షరాలు కారాయి గానీ చదవడానికి వస్తున్నాయి. గౌసియా బేగం ఇంటి ముందు కుట్టుమిషన్ మీద బట్ట కప్పి ఉంది. ఆయన్ని చూడగానే ఆమె గాబరాగా లేచింది. లోపలికి కేకేసి కుర్చీ తెప్పించింది.

"సలామ్ సార్! మీరే వచ్చిన్రా? రుఖయ్యా, చాయ్ పెట్టు, సారు వచ్చిండు!" లోపల కోడలు గిన్నె తీసిన చప్పుడైంది.

"కూసోనమ్మా," అన్నాడు హరినాథ్. నిలబడే చెప్పాడు. "ఆ జవాబు రాసింది పైవాళ్ళు కాదు. నేనే. ఎవరూ ఏం మార్చలే. టీచరమ్మకు గూడ అబద్ధం జెప్పిన."

ఆమెకు మొదట అర్థం కాలేదు. తర్వాత అయింది.

"నా కాయితాలు పోయినయా సార్? మీ దగ్గర లేకుండెనా?"

"ఉండె. నా వెనకాల బీరువల ఉండె."

"తాళం ఎవరి దగ్గరుండె?"

"నా దగ్గరనే."

"మరి ఎందుకు సార్?"

ఫ్యాక్టరీవాళ్ళు డబ్బిచ్చారని చెప్పినా ఆమెకు ఏదో ఒకటి అర్థమయ్యేది. బెదిరించారంటే జాలిపడేది. విందు సంగతి చెప్పడం హరినాథ్‌కు అన్నిటికంటే కష్టం. అయినా చెప్పాడు. కొండాపూర్, వ్యాన్, మూడున్నర. తలుపు బిగుసుకుపోయిందని కూడా చెప్పాడు.

గౌసియా బేగం ఆయన ముఖంలోకి చూసింది. "గంతేనా?" అంది.

"గంతేనమ్మా."

రుఖయ్యా చాయ్ కప్పు పట్టుకుని గడపలోకి వచ్చింది. గౌసియా బేగం చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. కోపంగా కాదు, మామూలుగానే. కోడలు కప్పుతో వెనక్కి వెళ్ళింది. హరినాథ్ రెండు చేతులూ జోడించాడు. ఆమె కుట్టుమిషన్ మీది బట్ట సరిచేసి లోపలికి వెళ్ళిపోయింది. ఆయన స్కూటర్ తీస్తుంటే చాయ్ దుకాణం ముందు కూర్చున్న నలుగురు ఆయన్నే చూస్తున్నారు. దిగి, గోడ మీది కాగితం గోళ్ళతో గీకి తీశాడు. పూర్తిగా రాలేదు.

దిద్దుబాటు రావడానికి అయిదు నెలలు పట్టింది. ఆ కాగితం జిల్లా నుంచి రాష్ట్రానికి, రాష్ట్రం నుంచి ఢిల్లీకి ఎక్కింది. అడుగడుగునా ఒకరు ఆపి, ఇంకొకరు పంపి, చివరికి తర్వాతి సమావేశాల్లో మంత్రి తన పాత జవాబును సరిదిద్దుతూ ఒక ప్రకటనను సభ ముందుంచాడు. ఆ పూట సభలో ఇంకేదో విషయం మీద అరుపులు. యామిని ఆ దృశ్యాన్ని వెతికి చూపించింది. అంతా కలిపి నలభై సెకన్లు కూడా లేదు. 'లేదు' అన్న మాట 'అవును, అధ్యక్షా' అయింది. 'ఉత్పన్నం కాదు' అన్నచోట నాలుగు తేదీలు వచ్చాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు, ఎవరూ వినలేదు కూడా. సభ్యురాలు మాత్రం లేచి, ఆ దర్జీ మహిళకు ఈ సభ క్షమాపణ బాకీ ఉందని అంది. ఆ మాట అరుపుల్లో సగమే వినిపించింది.

తర్వాత కొత్తకుంటకు మనుషులొచ్చి నీళ్ళు పట్టుకెళ్ళారు. రెండు బోర్లు తాగడానికి పనికిరావని తేలింది. వాటికి ఎర్ర రంగు వేశారు. రోజు మార్చి రోజు ట్యాంకర్ వస్తోంది. ఫ్యాక్టరీకి నోటీసు వెళ్ళింది, విచారణ ఇంకా నడుస్తోంది. సుమిత్ర టీచర్ దిద్దుబాటు ప్రకటనను నకళ్ళు తీయించి, పాత కాగితాలు అంటించిన ప్రతి చోటా అంటించింది. గౌసియా బేగానికి గిరాకీ కొంత తిరిగి వచ్చింది, మొత్తం కాదు. ఒకసారి వేరే దర్జీకి అలవాటుపడ్డవాళ్ళు అంత తొందరగా తిరిగి రారు.

హరినాథ్ కొలువు పోలేదు. తప్పు చేశావని మందలిస్తూ అభిశంసన పత్రం వచ్చింది, రావలసిన ప్రమోషన్ ఆగిపోయింది. ఆ కాగితం తీసుకున్న రోజు ఆయనకు తేలికగా అనిపించి ఉంటుందని ఇంట్లోవాళ్ళు అనుకున్నారు. అలాంటిదేమీ కాలేదు. శిక్ష చిన్నదైపోయిందని షంషేర్‌తో ఒకసారి అన్నాడు. ఆఫీసులో వెనకనుంచి ఆయన్ని 'పార్లమెంట్ హరినాథ్' అంటారు. విని ఊరుకుంటాడు. ఇప్పుడు ఏ దరఖాస్తు వచ్చినా ఇచ్చినవాళ్ళ ముందే మొదటినుంచి చివరిదాకా చదువుతాడు. దానివల్ల బల్ల ముందు జనం పెరిగి, అందరూ విసుక్కుంటారు.

మొన్న శ్రావణంలో గౌసియా బేగం మళ్ళీ ఆఫీసుకు వచ్చింది. ట్యాంకర్ వారం రోజులుగా రావడం లేదని దరఖాస్తు. ఆ సమయానికి హరినాథ్ బల్ల ముందు ఎవరూ లేరు. ఆమె ఆయన్ని చూసింది. చూసి, షంషేర్ బల్ల ముందు అయిదుగురు నిలబడ్డ వరసలో చివర నిలబడింది.

షంషేర్ తలెత్తి, "అమ్మా, అటు ఖాళీగున్నది గద, అటు పోరాదు," అన్నాడు.

"పర్వా లేదు సార్," అంది ఆమె. "గీడనే నిలబడ్త."

హరినాథ్ పిలవలేదు. చేతిలో ఉన్న కాగితం చదువుతూ కూర్చున్నాడు. ఆమె వంతు వచ్చేసరికి ముప్పావుగంట పట్టింది.